కారు బ్రేక్‌లో కొత్త డిస్కులకు పాత ప్యాడ్లు: 18 నెలల అనుభవం

"ప్యాడ్లు సగం పైనే ఉన్నయ్ అన్నా, ఎందుకు పైసలు దండుగ?" అని మా గల్లీ మెకానిక్ అన్నప్పుడు నాకూ సబబే అనిపించింది. బ్రేక్ తొక్కితే డిస్కును పట్టి నొక్కే ముక్కే ప్యాడ్, దాని మందం ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. 3కి వస్తే కదా మార్చేది. ముందు చక్రాలతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు, అంటే డిస్కులు మాత్రం మార్చక తప్పలేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద 80లో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణికేది. అలా డిస్కులు కొత్తవి, ప్యాడ్లు పాతవి. మిగిలింది 1,800 రూపాయలు. ఆ 1,800 గుర్తొస్తే ఇప్పటికీ మంటే.

వణుకు ఆ రోజే పోయింది. కారు కొత్తదానిలా అయిందని ఆఫీసులో అందరికీ చెప్పాను. అప్పుడు చెప్పని సంగతి ఒకటుంది. పెడల్ మునుపటికంటే గట్టిగా తొక్కాల్సి వచ్చేది, పొద్దున్నే మెహదీపట్నం సిగ్నల్ దగ్గర కీచుమనేది. కొత్త సామాను, సర్దుకుంటుందిలే అనుకున్నాను. మూడో నెలలో సన్నగా మళ్లీ వణుకు మొదలైతే టైర్ల మీద అనుమానపడి అలైన్‌మెంట్ చేయించాను.

నాలుగో నెలలో ఒక సాయంత్రం అమ్మను డాక్టర్‌కు చూపించి, ఫిల్మ్‌నగర్ మీదుగా షేక్‌పేట వైపు దిగుతున్నాం. వాన లేదు, రోడ్డు పొడిగానే ఉంది. ట్రాఫిక్‌లో అప్పటికే చాలాసార్లు బ్రేక్ తొక్కి ఉన్నాను. ముందున్న ఆటో ప్యాసింజర్ కోసం ఉన్నట్టుండి ఆగింది. తొక్కాను. కారు ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. సీట్లోంచి లేచినంత పని చేసి తొక్కితే ఆటో వెనక జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో అమ్మ నా సీటును రెండు చేతులా పట్టుకుని ఉంది. ఏమీ అనలేదు. అద్దం దించితే కాలిన వాసన.

మర్నాడు సెలవు పెట్టి రాణిగంజ్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చక్రం విప్పి, ప్యాడ్ బయటికి తీసి, దాని మీద స్టీల్ స్కేలు అంచు ఆనించి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టాడు. "చూడు బిడ్డా, ఎన్ని సందులున్నయో." స్కేలు కింద మూడు చోట్ల వెలుతురు కనిపించింది. పాత డిస్కు మీది గాడులన్నీ ప్యాడ్ మీద గట్లుగా అచ్చుపడ్డాయి. చదునైన కొత్త డిస్కుకు ఆ గట్లే తగులుతున్నాయి. నొక్కుడంతా, వేడంతా ఆ సన్నని పట్టీల మీదే. గట్ల కొనలు కాలి గాజులా నున్నబడ్డాయి. డిస్కు మీద మెరుస్తున్న చారలు, అక్కడక్కడా నీలం మచ్చలు. మేం మందం కొలిచాం కానీ ప్యాడ్ ముఖం ఎలా ఉందో చూడలేదు.

అదృష్టం కొద్దీ డిస్కులు లేత్ మీద కొద్దిగా గీయిస్తే బాగయ్యాయి, అంచు మీద గుద్ది ఉండే కనీస మందం కంటే ఇంకా చాలా ఎక్కువే ఉన్నాయి. కొత్త ప్యాడ్లు వేశాక, అవి డిస్కుకు సర్దుకోవడానికి పెద్దాయన చెప్పినట్టు తెల్లవారుజామున ఖాళీ సర్వీస్ రోడ్డు మీద 60 నుంచి 20కి, పూర్తిగా ఆపకుండా, పది సార్లు తగ్గించాను. తర్వాత బ్రేక్ అంతగా ముట్టుకోకుండా చల్లారేదాకా నడిపాను. వేడి మీద బ్రేక్ తొక్కి పట్టి నిలబడొద్దని ఆయన మరీమరీ చెప్పాడు.

అప్పటి నుంచి 14 నెలలు, 16,000 కిలోమీటర్లు. వణుకు లేదు. మొదటి 200 కిలోమీటర్లు పట్టు కాస్త తక్కువగా ఉంది, తర్వాత కాలు ఆనిస్తే చాలు. చక్రాలకు నల్లపొడి మాత్రం మునుపటికంటే ఎక్కువ పడుతోంది, వారం వారం తుడవాల్సిందే.

రెండు నెలల కిందటే వేసిన ప్యాడ్లు, స్కేలు పెడితే వెలుతురు రానంత చదునుగా ఉంటే మళ్లీ వాడొచ్చేమో. దిగుళ్లు లేని దారిలో, ఒక్కరే తిరిగే వాళ్లకు ఇంత తేడా తెలియకపోవచ్చు కూడా. నాది రోజూ ఎక్కి దిగే దారి. నెలకు రెండు సార్లు అమ్మను తీసుకెళ్లాలి. మా కారుకు వెనక డ్రమ్ బ్రేకులే, వెనక డిస్కులున్న కార్ల సంగతి నా అనుభవంలో లేదు. వచ్చే సర్వీసులో ముందు చక్రాలు విప్పించి, స్కేలు నేనే పెట్టి చూస్తాను.