కుక్కల ముఠా సినిమాల్లో ఏది మేలు? మొదటిదా, మూడోదా?

వేసవి సెలవులకి ఇంటినిండా పిల్లలు చేరతారు. విశాఖ ఎండకి, ఉక్కకి మధ్యాహ్నం బీచ్‌కి తీసుకెళ్లలేం. అలాంటప్పుడు అందరూ కలిసి నవ్వుకునే దొంగతనం సినిమా కావాలంటే నా ఓటు డాబర్‌మన్ జాతి కుక్కల సినిమాలకే. బైరన్ చడ్నో అనే దర్శకుడు ఈ వరసలో థియేటర్ల కోసం మూడు సినిమాలు తీశాడు. 1973 నాటి రెండోది మొదటిదానికి కొనసాగింపే కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు. అసలు పోటీ 1972 నాటి ‘ది డాబర్‌మన్ గ్యాంగ్’కీ, 1976 నాటి ‘ది అమేజింగ్ డాబర్‌మన్స్’కీ.

మొదటిదాంట్లో ఒక దొంగ, మనుషుల్ని నమ్ముకుని బ్యాంకు దోపిడీలో దెబ్బతింటాడు. మనిషి తడబడతాడు, కుక్క చెప్పింది చెప్పినట్టు చేస్తుంది అనుకుని ఆరు డాబర్‌మన్లకి తర్ఫీదు ఇప్పిస్తాడు. వాటికి డిలింజర్, బానీ, క్లైడ్ అంటూ అమెరికాలో పేరుమోసిన దొంగల పేర్లే పెడతారు. ఈల వేస్తే కదలాలి, ఈల వేస్తే ఆగాలి. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే కుక్కని నడిపించేవాళ్లని అడగండి, ‘కూర్చో’ అంటే కూర్చోబెట్టడానికే ఎంత ఓపిక కావాలో చెప్తారు. అలాంటిది ఆరింటిని ఒక్క జట్టుగా నడపడం! గ్రాఫిక్స్ లేని రోజులవి, తెరమీద పరిగెత్తేవన్నీ నిజం కుక్కలే. చిత్రీకరణలో ఏ జంతువుకీ హాని జరగలేదన్న అమెరికన్ హ్యూమేన్ అనే జంతు సంరక్షణ సంస్థ ప్రకటన మొట్టమొదట పడింది కూడా ఈ సినిమా చివరే. కుక్కల్ని పెంచేవాళ్లకి అది ఎంత ఊరటో!

మూడోదాంట్లో ఫ్రెడ్ ఆస్టేర్ ఉన్నాడు. నాట్యానికి పేరుపడ్డ ఆ మనిషి, డెబ్బై ఏళ్లు దాటాక, బైబిల్ వాక్యాలు వల్లించే మాజీ మోసగాడిగా ముచ్చటగా కనిపిస్తాడు. ఇక్కడ కుక్కలు ఐదు, అవి దొంగల పక్షాన కాదు, ప్రభుత్వ ఏజెంటు పక్షాన పనిచేస్తాయి. సర్కస్ కూడా ఉంది. చిన్నపిల్లలకి భయం లేదు. కానీ కథ మనుషుల చుట్టూ తిరుగుతుంది, కుక్కలు అవసరానికి వచ్చి వెళ్తాయి.

అందుకే నా మాట మొదటిదానికే. దోపిడీ మొత్తం కుక్కల మీదే ఆధారపడింది కాబట్టి ఉత్కంఠా నవ్వూ ఒకేచోట పుడతాయి. అవి పనిచేసే చోట మాటలతో పనిలేదు, ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లు కూడా చూడొచ్చు. అయితే అందులో దొంగల మధ్య మోసాలు, గొడవలు కాస్త ఎక్కువ. ఇంట్లో మరీ చిన్నవాళ్లుంటే మూడోది పెట్టండి. పదేళ్లు దాటినవాళ్లయితే మొదటిదే చూపించండి.