ఓమ్రాన్ 7120 బీపీ మిషన్: షాపుకు పోయే ముందు జబ్బ కొలవండి

ఇంట్లో బీపీ చూసుకోవడానికి ఓమ్రాన్ హెచ్‌ఈఎం-7120 కొనొచ్చు. మణికట్టుకు కట్టుకునే రకాల కంటే ఇలా జబ్బకు కట్టేదే నయం. అయితే కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర మందుల షాపుకు పోయే ముందు ఇంట్లోనే టైలరు టేపు తీసి, బీపీ ఉన్న మనిషి జబ్బ చుట్టుకొలత చూడండి. భుజం కొనకూ మోచేతికీ సరిగ్గా నడుమ, చెయ్యి వదులుగా వేలాడేసి కొలవాలి. 22 నుంచి 32 సెంటీమీటర్ల లోపు వస్తే డబ్బాలో ఉండే పట్టీ సరిపోతుంది. అంతకు ఎక్కువైనా తక్కువైనా మిషన్ తప్పు లెక్కే చెబుతుంది.

ఎంత తప్పు అనేది అమెరికాలో 195 మందికి రకరకాల పట్టీలు కట్టి చూసి, 2023లో ప్రచురించారు. పెద్ద పట్టీ కావలసినవాళ్లకు మామూలుది కడితే పై అంకె సగటున 4.8 పాయింట్లు ఎక్కువ చూపింది. ఇంకా పెద్దది కావలసిన లావు చేతులకు మామూలుది కడితే ఏకంగా 19.5 ఎక్కువ. అంటే అసలు 125 ఉన్న మనిషికి 144 అని వస్తుంది. దాన్ని నమ్మి మాత్ర పెంచితే, లేచి నిలబడేసరికి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం. సన్నని చేతులకు ఇది తిరగబడింది: 3.6 తక్కువ చూపింది. అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో పనిచేసి చెయ్యి ఎండిపోయిన అవ్వలకు, తాతలకు ఇదే గండం. బీపీ బాగానే ఉందనుకుని మందు మానేస్తారు. చుట్టుకొలత 32 దాటితే ఈ మోడల్‌కు సరిపడే పెద్ద పట్టీ, 22 లోపైతే చిన్న పట్టీ కావాలని షాపులో పట్టుబట్టండి. గొట్టం పట్టింది కదా అని వేరే కంపెనీ పట్టీ తగిలించొద్దు. మిషన్ లోపలి లెక్క దాని సొంత పట్టీకే కుదిర్చి ఉంటుంది.

ఇది స్టెతస్కోపులా చప్పుడు వినదు. గాలి వదిలేటప్పుడు రక్తనాళం కొట్టుకునే అదురును పట్టి లెక్క కడుతుంది. అందుకే చెయ్యి కదిలినా, మాట్లాడినా, దగ్గినా లెక్క చెడుతుంది. పట్టీ బిగుస్తుండగానే "ఎంతుంది సిస్టరమ్మా?" అని అడగడం అందరికీ అలవాటే, కానీ ఆ మాటకే అంకె పెరుగుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లకు ఒక్క రీడింగ్ చాలదు, మూడుసార్లు చూసి సగటు తీయాలి.

ఇక కూర్చునే తీరు. నులక మంచం అంచున కూర్చుంటే వీపుకు ఆనుడు ఉండదు, కాళ్లు వేలాడతాయి. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించాలి, కాలు మీద కాలు వేయకూడదు. చెయ్యి కుట్టుమిషను బల్ల మీదో, దిండ్ల మీదో గుండె ఎత్తున ఉండాలి. ఈ ఎత్తు విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 133 మందిపై చేసి 2024లో వెలువరించిన పరిశోధనలో చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె 3.9, పక్కకు వేలాడేస్తే 6.5 పాయింట్లు ఎక్కువ వచ్చింది. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడిస్తే అది తాడు కట్టినట్టు నొక్కుతుంది, కాబట్టి వదులు జాకెట్టు వేసుకోవాలి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు ఒకటి రెండు సెంటీమీటర్లు పైన, గొట్టం చేతి లోపలి వైపు. ఉగ్గాని బజ్జి తిన్నాక, కాఫీ, బీడీ తాగాక అరగంట ఆగాలి. మూత్రానికి పోయొచ్చి, అయిదు నిమిషాలు ఊరకే కూర్చుని అప్పుడు బటన్ నొక్కాలి.

రాయలసీమ ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మిషన్ పనిచేయాల్సిన వేడి 10 నుంచి 40 డిగ్రీలే. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో అంతకు మించుతుంది. ఉదయం చల్లపూట, రాత్రి పడుకునే ముందు చూసుకోండి. బైకు డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయొద్దు. వేసవిలో చెమటకు నీరు పోయి, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లకు, బీపీ బాగా తగ్గొచ్చు. అలా తగ్గితే మందు మీరే ఆపకుండా డాక్టరుకు రీడింగులు చూపండి.

పెద్ద లోపం ఒకటుంది: చివరి రీడింగ్ తప్ప ఏదీ గుర్తుంచుకోదు. జేజి ఒక్కతే ఉండే ఇంటికైతే 30 రీడింగులు దాచే 7121 మేలు. 7120 కొంటే నోటుబుక్కు తప్పదు. ఏడు రోజులు, పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కో రీడింగుకూ నిమిషం ఎడం. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో ఆ సగటు 135/85 లేదా పైన ఉంటే బీపీ ఎక్కువ ఉన్నట్టు లెక్క. ఆసుపత్రిలో చూసే 140/90 ఇక్కడ వర్తించదు.

ఆ బుక్కును ఎవరైనా చూసి మందు సరిచేస్తేనే ఫలితం. బ్రిటన్‌లో 1,182 మందిపై చేసి 2018లో ప్రచురించిన ట్రయల్‌లో, ఇంటి రీడింగులు చూసి డాక్టర్లు మందు మార్చినవాళ్లకు, మామూలు పద్ధతిలో చూపించుకున్నవాళ్లకంటే పై అంకె ఏడాది గడిచేసరికి 3.5 పాయింట్లు తక్కువగా ఉంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో 2,645 మందితో చేసిన మరో ట్రయల్‌లో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి బీపీ చూసి, సలహా చెప్పి, అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరికి పంపితే మామూలు పద్ధతిలో చూపించుకున్నవాళ్లకంటే పై అంకె రెండేళ్లలో 5.2 పాయింట్లు ఎక్కువ తగ్గింది. మన ఊరి ఏఎన్‌ఎమ్మకూ నోటుబుక్కు చూపండి.

గర్భిణులు డాక్టరును అడగకుండా ఈ అంకెల మీద ఆధారపడొద్దు. డయాలసిస్ కోసం నరం కలిపిన చేతికి, రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేతికి పట్టీ కట్టొద్దు. 180/120 దాటి గుండెనొప్పి, ఆయాసం, మాట తడబాటు ఉంటే రెండో రీడింగ్ కోసం కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

సెల్లులు నాలుగు, పెన్సిల్ సైజువి. బ్యాటరీ గుర్తు వెలిగితే నాలుగూ ఒకేసారి మార్చండి. పట్టీ చుట్టిపెట్టేటప్పుడు గొట్టం మడత పడితే పగులు వచ్చి గాలి పోతుంది. గాలి ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగి తప్పు గుర్తు చూపుతుంటే, మిషన్ పాడైందనుకునే ముందు ఆ గొట్టాన్ని చూడండి.