జీతం లోన్ యాప్‌లు ఖాతాలోంచి ఎక్కువ పైసలు గుంజుతున్నాయి: ముందు మ్యాండేట్ ఆపండి, తర్వాత లెక్క అడగండి

వరంగల్, హనుమకొండ, కాజీపేటలో నెల జీతం మీద బతికేవాళ్లందరికీ ఇది హెచ్చరిక. పదిహేను రోజులకో నెలకో అని ఫోన్లో తీసుకునే లోన్లలో మిత్తి ఎక్కువని అందరికీ తెలుసు. అంతకన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. బాకీ కట్టేశాక కూడా ఖాతాలోంచి మళ్లీ పైసలు పోతున్నాయి. అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసేవాళ్లకు జీతం ఏ తారీఖున పడుతుందో తెలియదు కాబట్టి ఈ దెబ్బ వాళ్లకే ముందు తగులుతుంది.

అసలు పైసలు ఎట్లా పోతాయో తెలుసుకోండి. లోన్ తీసుకునేటప్పుడు ఆధార్ ఓటీపీతోనో డెబిట్ కార్డుతోనో ఒక అనుమతి ఇస్తారు. దాన్నే ఈ-మ్యాండేట్ అంటారు. దేశంలో చిల్లర చెల్లింపుల వ్యవస్థలు చూసే ఎన్‌పీసీఐ నడిపే నాచ్ (ఖాతాలోంచి వాటంతటవే పైసలు పోయే వ్యవస్థ)లో ఇది నమోదవుతుంది, దానికి యూఎంఆర్ఎన్ అనే గుర్తింపు నంబర్ ఇస్తారు. చాలామంది చూడనిది అందులోని గరిష్ఠ మొత్తం. తీసుకున్న లోన్ 15,000 అయినా మ్యాండేట్ 30,000కు ఉండొచ్చు. గడువు ఏళ్ల తరబడి ఉండొచ్చు. ఖాతాలోంచి ఎప్పుడు తీసుకోవాలనే గడిలో ‘సమర్పించినప్పుడల్లా’, అంటే కంపెనీ అడిగినప్పుడల్లా, అని ఉంటే నెలకు ఒక్కసారే కొట్టాలన్న కట్టడి ఉండదు. బ్యాంకు చూసేది మ్యాండేట్ పరిమితినే. మీ బాకీ ఎంత మిగిలిందో దానికి తెలియదు.

ఎక్కువగా జరిగేది రెండుసార్లు కోత. గడువు 5వ తేదీ అనుకుందాం. 4న రాత్రి యాప్‌లో యూపీఐతో కట్టేస్తారు. కంపెనీ మాత్రం వసూలు ఫైలును అంతకు ముందే బ్యాంకుకు పంపేసి ఉంటుంది. 5న పొద్దున అదే మొత్తం మళ్లీ పోతుంది. అందుకే గడువుకు రెండు మూడు రోజుల లోపు చేత్తో కట్టకండి. కడితే వారం ముందే కట్టండి, లేదంటే మ్యాండేట్‌కే వదిలేయండి.

రెండోది ముక్కలు ముక్కలుగా కొట్టడం. ఖాతాలో సరిపడా లేకపోతే మొత్తానికి ఒకసారి, సగానికి ఒకసారి, వెయ్యికి ఇంకోసారి ప్రయత్నిస్తారు. వెనక్కి పోయిన ప్రతిసారీ మీ బ్యాంకు విడిగా చార్జీ వేస్తుంది. బ్యాంకును బట్టి ఇది మారుతుంది. ఒక్కోదానికి 500 అనుకుంటే, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 590. మూడుసార్లు కొడితే 1,770. ఇది బ్యాంకు తీసుకునేది మాత్రమే, కంపెనీ వేసే బౌన్సు చార్జీ దీనికి అదనం. జీతం పడగానే ముందు ఇవే పోతాయి.

మూడోది గడువు పొడిగింపు. ఇంకో పదిహేను రోజులు ఇస్తామని కొంత రుసుము తీసుకుంటారు, అసలులో మాత్రం రూపాయి తగ్గదు. రెండు మూడుసార్లు పొడిగిస్తే కట్టిందంతా పోయి అసలు అట్లాగే ఉంటుంది. అడగని బీమా, సభ్యత్వ రుసుము కూడా ఇట్లాగే లోపలికి వస్తాయి.

మిత్తి లెక్క కూడా ఒకసారి వేయండి. 15,000 లోన్, నూటికి మూడు రూపాయల మిత్తి, 30 రోజులు. ప్రాసెసింగ్ ఫీజు 10 శాతం అంటే 1,500, దానిపై జీఎస్టీ 270. చేతికొచ్చేది 13,230. తిరిగి కట్టేది 15,450. అంటే 13,230 వాడుకున్నందుకు నెలకు 2,220. ఏడాది రేటుగా లెక్క వేస్తే 204 శాతం దాటుతుంది. ఈ రేటును ఏపీఆర్ పేరుతో ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’లో, అంటే లోన్ ఇచ్చేటప్పుడు ఇచ్చే ముఖ్య వివరాల కాగితంలో, చూపించడం తప్పనిసరి. అందులో లేని చార్జీని మీ స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా వేయకూడదని ఆర్బీఐ 2024 ఏప్రిల్ ఉత్తర్వు చెబుతోంది. తగాదాలో మీ చేతిలో ఉండే గట్టి కాగితం ఇదే. లోన్ తీసుకున్న రోజే దాచిపెట్టుకోండి.

ఇప్పుడు ఎక్కువ పైసలు పోయినవాళ్లు చేయాల్సింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కొట్లాడటంతో మొదలుపెట్టకండి, మాటలకు రుజువు ఉండదు. ముందు మీ బ్యాంకులో మ్యాండేట్ ఆపించండి. నెట్ బ్యాంకింగ్‌లో మ్యాండేట్ల విభాగంలో రద్దు చేసే వీలు ఉంటుంది. దొరక్కపోతే బ్రాంచికి పోయి ఖాతా నంబర్, యూఎంఆర్ఎన్, కంపెనీ పేరు, గరిష్ఠ మొత్తం రాసి దరఖాస్తు ఇవ్వండి. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ‘కంపెనీనే అడగండి’ అని కౌంటర్లో పంపేస్తే మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాతి కోతకు కనీసం వారం ముందు ఈ పని కావాలి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే అది వేరే, దాన్ని మీ యూపీఐ యాప్‌లో విడిగా చూడాలి. డెబిట్ కార్డు మీద పెట్టిన అనుమతి ఇంకా వేరే. యాప్ ఫోన్లోంచి తీసేస్తే మ్యాండేట్ పోతుందనుకోవడం పెద్ద పొరపాటు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మ్యాండేట్ ఆపి, నిజంగా కట్టాల్సింది కూడా ఎగ్గొడితే కేసు మీ మీదికి తిరుగుతుంది. ఖాతా ఖాళీ చేసి పెట్టమని కొందరు సలహా ఇస్తుంటారు. అది వినకండి. చెక్కు బౌన్సుకు శిక్ష ఉన్నట్టే, సరిపడా సొమ్ము లేక ఎలక్ట్రానిక్ చెల్లింపు వెనక్కి పోతే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే వీలుంది. కాబట్టి తగాదా లేని భాగాన్ని గడువులోపే కట్టేయండి. అది కూడా లోన్ ఇచ్చిన బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) సొంత ఖాతాకే. వసూలు ఏజెంటు పంపిన వ్యక్తిగత యూపీఐ నంబర్‌కు ఒక్క రూపాయి వేయొద్దు, అట్లా కట్టింది బాకీలో జమ కాలేదంటే చూపించడానికి ఏమీ ఉండదు.

యాప్ పేరు వేరు, లోన్ ఇచ్చిన కంపెనీ పేరు వేరు. ఒప్పందంలో బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ పేరు, ఫిర్యాదుల అధికారి ఈమెయిల్ ఉంటాయి. ఆ అధికారికే రాయండి. లోన్ ఖాతా స్టేట్‌మెంట్, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, మ్యాండేట్ నకలు మూడూ అడగండి. లేఖ పొడుగ్గా అక్కర్లేదు, ఇట్లా ఉంటే చాలు: ‘ఫలానా లోన్ ఖాతాకు 4వ తేదీన యూపీఐ ద్వారా 15,450 కట్టాను, యూటీఆర్ (చెల్లింపు గుర్తింపు) నంబర్ ఇది. 5వ తేదీన అదే మొత్తం నాచ్ ద్వారా మళ్లీ తీసుకున్నారు, యూఎంఆర్ఎన్ ఇది. రెండోసారి తీసుకున్న సొమ్మును, దానివల్ల బ్యాంకు వేసిన చార్జీలను తిరిగి జమ చేసి, లోన్ మూసినట్టు లేఖ ఇవ్వండి.’ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ రెండు వరుసలకు గీత గీసి జత చేయండి. కోపం, బెదిరింపు రాయకండి. చదివేవాడికి లెక్క ఒక్క చూపులో అర్థం కావాలి.

ఆలస్యానికి వేసిన దండన కూడా చూడండి. ఆర్బీఐ 2023 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం కంపెనీ దాన్ని చార్జీగా మాత్రమే వేయాలి, అసలులో కలిపి దాని మీద మళ్లీ మిత్తి వేయకూడదు. స్టేట్‌మెంట్‌లో అట్లా కలిపి ఉంటే ఆ వరుస కూడా లేఖలో ఎత్తిచూపండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఆర్బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడానికి రుసుము లేదు, 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు. ఇక్కడ ఫిర్యాదులు తిరిగొచ్చేది మామూలు కారణాలతోనే: ముందు కంపెనీకి రాయకపోవడం, 30 రోజులు ఆగకపోవడం, అదే విషయం కోర్టులో ఉండటం, వకీలు ద్వారా వేయడం. మీ పేరు మీద మీరే వేయండి. వినియోగదారుల కమిషన్‌కు పోవాలనుకుంటే మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల దాకా రుసుము లేదు. అయితే ఏదో ఒక దారే పట్టండి. మొదట అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవడమే మేలని నా మాట, ఖర్చూ తిరుగుడూ తక్కువ. వడ్డీ వ్యాపారుల చట్టం కింద తహసీల్దార్‌కు పెట్టే అర్జీ ఎన్‌బీఎఫ్‌సీ మీద నిలవదు. ఆ రాష్ట్ర చట్టాలు వాటికి వర్తించవని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

ఒప్పందంలో బ్యాంకు పేరు గానీ ఎన్‌బీఎఫ్‌సీ పేరు గానీ లేకపోతే ఈ దారి పనికిరాదు, అది దొంగ యాప్. ఆర్బీఐ వెబ్‌సైట్‌లో లోన్ యాప్‌ల జాబితా ఉంది, అందులో వెతకండి. లేకపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆర్బీఐ సచేత్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. మీరు అసలు అనుమతే ఇవ్వని కోత అయితే మూడు పనిదినాల్లోపు మీ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆర్బీఐ 2017 జులై నిబంధన ప్రకారం మీ తప్పు లేకుండా మోసం బయటివాళ్లదై, గడువులో చెబితే నష్టం మీ మీద పడదు. సరైన మ్యాండేట్ మీద ఎక్కువ తీసుకున్నదానికి ఈ నిబంధన వర్తించదు. రెండింటినీ కలిపేసి రాస్తే బ్యాంకు ఫిర్యాదు కొట్టేస్తుంది.

వసూలు ఫోన్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. మీ ఫోన్లోని నంబర్లు తీసుకొని చుట్టాలకు చెప్పడం పూర్తిగా నిషిద్ధం. కాల్ వివరాలు, స్క్రీన్‌షాట్లు ఫిర్యాదుకు జత చేయండి.

రీఫండ్ కోసం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకకండి. అక్కడ దొరికే వాటిలో మోసగాళ్ల నంబర్లు చాలా ఉన్నాయి. ఒప్పందంలో ఉన్నదే వాడండి. రీఫండ్ ఇస్తామని స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. పైసలు వచ్చేటప్పుడు పిన్ అవసరం ఉండదు.

సొమ్ము తిరిగొచ్చాక లోన్ మూసిన లేఖ తీసుకోండి. క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని ఉండాలి. ‘సెటిల్డ్’ అని, అంటే పూర్తిగా కట్టకుండా రాజీ పడ్డట్టు, ఉంటే ముందు ముందు ఇంటి లోన్‌కు అడ్డం పడుతుంది. తప్పు ఉంటే ఆ రిపోర్టు ఇచ్చే క్రెడిట్ బ్యూరోకు (సిబిల్ లాంటిది) రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది.