ఒక ఇల్లు, ఒక వాన రాత్రి: ‘ఇత్తెఫాక్’ (1969)

‘ఇత్తెఫాక్’ అంటే కాకతాళీయం అని అర్థం. ఈ హిందీ సినిమా పుట్టుక కూడా అలాగే జరిగింది. సైరా బాను అనారోగ్యం వల్ల ‘ఆద్మీ ఔర్ ఇన్సాన్’ చిత్రీకరణ ఆగిపోవడంతో, దొరికిన ఆ విరామంలో యశ్ చోప్రా ఒక గుజరాతీ నాటకాన్ని తీసుకొని, అన్న బి.ఆర్. చోప్రా నిర్మాణంలో, చాలావరకు ఒకే ఇంటి సెట్టులో, దాదాపు నెల రోజుల్లోనే ఈ హత్యా రహస్య చిత్రాన్ని పూర్తి చేశారు.

భార్యను చంపాడన్న అభియోగం మీద ఉన్న చిత్రకారుడు దిలీప్ (రాజేశ్ ఖన్నా) మానసిక వైద్యశాల నుంచి తప్పించుకొని, జోరువానలో రేఖ (నంద) ఒంటరిగా ఉన్న ఇంట్లోకి చొరబడతాడు. తెల్లవారేలోగా ఆ ఇంట్లో ఏం జరిగిందన్నదే కథ కనుక, అంతకు మించి చెప్పడం చూడబోయేవారికి ద్రోహం చేసినట్లవుతుంది.

ఇందులో ఒక్క పాట కూడా లేదు. పాట మొదలవగానే బయటికి వెళ్లి సిగరెట్టు ముట్టించుకొనే అలవాటున్న ప్రేక్షకుడికి ఇక్కడ ఆ వెసులుబాటు దొరకదు. పాటలు లేని లోటును వాన హోరు, తలుపుల చప్పుడు, సలీల్ చౌధురి నేపథ్య సంగీతం ఎంత బలంగా పూరించాయంటే, ఆ ఇంటి గదులన్నీ మనకు చెవులతోనే పరిచయమైనట్లు అనిపిస్తుంది. శబ్దగ్రహణానికి ఫిలింఫేర్ పురస్కారం రావడం నాకు ఏమాత్రం ఆశ్చర్యం కలిగించలేదు.

నటనలో మొదటి మార్కు నందకే. అంతకు ముందు పదేళ్లుగా ఆమెకున్న సాధుశీలమైన చెల్లెలి ముద్రనే దర్శకుడు తెలివిగా వాడుకున్నారు. ఆ ముఖాన్ని అనుమానించడానికి మనకే మనసొప్పదు. రాజేశ్ ఖన్నా మాత్రం తొలి సన్నివేశాల్లో అరుపులతో కొంత విసిగిస్తారు, భయం కంటే అలసట కనిపించే చోట్ల చాలా బాగున్నారు. అసలు లోపం ముగింపులో ఉంది. అంతవరకు ఓపికగా బిగించిన ముడిని ఇన్‌స్పెక్టర్ (ఇఫ్తెఖార్) వివరణతో హడావిడిగా విప్పేయడం నాటకాల వాసన కొడుతుంది.

వసూళ్లలో ఇది సంచలనమేమీ సృష్టించలేదు. అదే ఏడాది వచ్చిన ‘ఆరాధన’ పాటల హోరులో ఇలాంటి చిన్న సినిమా వెనకబడడం సహజమే. అయినా ఆ సంవత్సరానికి ఉత్తమ దర్శకుడిగా ఫిలింఫేర్ పురస్కారం యశ్ చోప్రాకు దక్కింది ఈ చిత్రానికే. 2017లో ఇదే పేరుతో వచ్చిన కొత్త రూపం కథను ఇల్లు దాటించి పోలీసు విచారణలోకి విస్తరించింది గాని, తలుపులు మూసిన ఆ ఇంట్లో ఊపిరి బిగపట్టించిన ఉత్కంఠ నాకు అందులో దొరకలేదు.