విమానం రిపేరుకు ఏ రెజిన్ మేలు: వేడితో గట్టిపడేదా, వేడి లేకుండానా?

కార్బన్ ఫైబర్ ప్యానెల్‌కు దెబ్బ తగిలితే పాడైన పొరలను ఏటవాలుగా అరగదీసి, వాటి చోట కొత్తవి అతికిస్తారు. అతికించే రెజిన్‌లో, అంటే ఫైబర్ పొరలను పట్టి ఉంచి గట్టిపడే జిగురులో, ప్రధానంగా రెండు రకాలున్నాయి.

ఒకటి ప్రీప్రెగ్, అంటే ఫ్యాక్టరీలోనే రెజిన్ పట్టించి ఇచ్చే ఫైబర్ బట్ట. దీన్ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. అతికించాక, గాలి లాగేసి పొరలను నొక్కిపెట్టే వాక్యూమ్ బ్యాగ్ బిగించి, హీట్ బ్లాంకెట్‌తో 121 లేదా 177 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి పెట్టాలి. బలంలో దీనిదే పైచేయి. చిక్కంతా ఆ వేడితోనే. ప్యానెల్ లోపల తేనెపట్టులా ఉండే హనీకోంబ్ గదుల్లో నీరు చేరి ఉంటే ఆవిరై పైపొరనే ఊడగొడుతుంది. అందుకే ముందు ప్యానెల్‌ను నిదానంగా ఆరబెట్టాలి.

రెండోది, రెజిన్‌ను, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను అప్పటికప్పుడు కలిపి వాడే ఎపాక్సీ. హైసాల్ ఈఏ 9394 అనే పేస్టునే తీసుకోండి. 100 పాళ్లకు 17 పాళ్ల హార్డెనర్ తూకం వేసి కలిపితే, 25 డిగ్రీల దగ్గర 3 నుంచి 5 రోజుల్లో పూర్తిగా గట్టిపడుతుంది. 66 డిగ్రీల వేడి పెడితే గంట చాలు. ఫ్రీజర్ లేని చిన్న ఎయిర్‌ఫీల్డ్‌లో ఇది పెద్ద ఊరట. అయితే విశాఖలాంటి తీరప్రాంతంలో జాగ్రత్త తప్పదు. అమైన్లు అనే నైట్రోజన్ రసాయనాలతో చేసిన కొన్ని హార్డెనర్లు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన మైనం లాంటి పొర కడతాయి. దాన్ని తుడవకుండా తర్వాతి పొర వేస్తే అంటుకోదు.

దీని అసలు బలహీనత వేరే ఉంది. వేడి పెట్టకుండా గట్టిపడుతున్నకొద్దీ అణువులు బిగుసుకుపోయి కదలలేవు, దాంతో రసాయన చర్య మధ్యలోనే దాదాపు ఆగిపోతుంది. అలాంటి రెజిన్ ఏ వేడి దగ్గర మెత్తబడుతుందో చూస్తే, అది గట్టిపడిన ఉష్ణోగ్రతకు కొంచెమే పైన ఉంటుంది. తేమ పీల్చుకుంటే ఇంకా కిందికి దిగుతుంది. ఎండలో నిలిపిన విమానానికి ముదురు రంగు ఉంటే పైభాగం 80 డిగ్రీలకు చేరగలదు. విమాన రూపకర్త బర్ట్ రుటాన్ రూపొందించగా 1975లో ఎగిరిన వేరీఈజీ లాంటి ఫోమ్, ఎపాక్సీ విమానాలకు తెల్ల రంగు వేయడం అందుకే.

ఇంజిన్ దగ్గరి వేడి భాగాలకు, ప్రధాన నిర్మాణంలో పెద్ద దెబ్బలకు నా ఓటు ప్రీప్రెగ్‌కే. చిన్న రిపేర్లకు, ఆ విమానం రిపేర్ మాన్యువల్ ఒప్పుకున్న చోట, ఎపాక్సీని వేడి లేకుండా గట్టిపరచి తర్వాత 65–80 డిగ్రీల వేడి పెట్టడమే మేలు. అప్పుడు ఆగిన చర్య మళ్లీ ముందుకు సాగుతుంది.

కొత్త రెజిన్లు తయారుచేసేవాళ్లు త్వరగా గట్టిపడటం మీదే దృష్టి పెడితే సరిపోదు. హార్డెనర్లలో గొలుసు లాంటి అణువులున్న అలిఫాటిక్ అమైన్లు వేడి లేకుండానే పనిచేస్తాయి కానీ వేడికి అంతగా ఆగవు. బెంజీన్ వలయాలున్న అరోమాటిక్ అమైన్లు వేడికి ఆగుతాయి కానీ వేడి పెట్టందే కదలవు. ఈ రెంటి మధ్యనున్న, వలయాలున్నా అవి బెంజీన్‌వి కాని సైక్లోఅలిఫాటిక్ అమైన్ల మీద మరింత పని జరగాలని నా కోరిక.