కర్నూలులో కారుకు బదులు ఏది మేలు: బస్సా, షేర్ ఆటోనా, కరెంటు బండా?

సి.క్యాంపు రైతుబజారుకు కూరగాయల కోసం కారులో వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కిలో వంకాయల కోసం టన్ను బరువున్న బండి! నిజానికి కారుకు అసలు పడనివి ఈ రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే. ఇంజను వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగను శుద్ధి చేసే పరికరం కూడా వేడెక్కితే గానీ సరిగా పనిచేయదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

నంద్యాలకో ఆదోనికో వెళ్లాలంటే మాత్రం నా ఓటు బస్సుకే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుంటే కారు ఖర్చుతో ఇక పోలికే లేదు. కానీ ఊళ్లో రెండు కిలోమీటర్ల పనికి బస్సు కోసం ఎండలో నిలబడే ఓపిక ఎవరికుంది?

అక్కడ గెలిచేది షేర్ ఆటోనే. రాజ్‌విహార్ దగ్గర చెయ్యెత్తితే ఆగుతుంది. వెనక సీటు నుంచి పది రూపాయల నోటు చేతులు మారుతూ డ్రైవరుకు చేరుతుంది, చిల్లర అదే దారిలో తిరిగొస్తుంది. ఒక్క ఇంజను మీద ఐదారుగురు వెళ్తున్నారు. కారులో చూస్తే చాలాసార్లు ఒక్కరే. పాత డీజిల్ ఆటోల పొగను మాత్రం నేను వెనకేసుకురాను.

ఇంటికి సొంత బండి ఉండాల్సిందే అనేవాళ్లకు కరెంటు స్కూటరు చాలు. మూడు యూనిట్లతో దాదాపు వంద కిలోమీటర్లు తిరగొచ్చు. మనం వాడే కరెంటులో బొగ్గుదీ వాటా ఉందన్న మాట నిజమే. అయినా పెట్రోలు కంటే నయం. పైగా ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోదే. ఈ ఎండలకు ఆ మాత్రం లాభమైనా దక్కింది.

సైకిలంటే నాకు ఇష్టమే, కానీ మే నెల మధ్యాహ్నం ఎవరినీ తొక్కమనను. ఉదయం ఎనిమిదిలోపు పనులకు, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల ఇరుకు వీధులకు దానికి సాటి లేదు.

అర్ధరాత్రి ఆసుపత్రికి పెద్దవాళ్లను తీసుకెళ్లాలన్నా, ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్లాలన్నా కారు తీయండి. మిగతా రోజుల్లో ఆటోనే. డ్రైవరుకు అటూ ఇటూ మనుషులు వేలాడుతున్న ఆటో వస్తే మాత్రం వదిలేయండి, వెనకే ఇంకొకటి వస్తుంది.