ఇంటిల్లిపాదికీ ఒకే పళ్ల డాక్టరు: చాన్నాళ్లు వాడి చూశాక

నల్లగొండలో రెండు కుర్చీల చిన్న క్లినిక్ ఇది. బోర్డు మీద ‘ఫ్యామిలీ డెంటల్’ అని ఉంటుంది. అలాంటి బోర్డులు ఊరి నిండా ఉన్నాయి. ఇక్కడి తేడా ఏంటంటే ఇంటి మొత్తానికీ ఒకే ఫైలు. మనవరాలి పాలపళ్ల ఎక్స్‌రే, తాత పళ్ల సెట్టు వివరాలు, ఎవరికి షుగరుంది, ఎవరికి ఏ మందు పడదు అన్నీ అందులోనే ఉంటాయి. కొత్త చోటికి వెళ్తే కనబడిన ప్రతి మచ్చా కొత్తదే, ప్రతిదానికీ ఫిల్లింగే. ఇక్కడ పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి, పంటి పై పొరలో, అంటే ఎనామెల్‌లో, ఉన్న మచ్చ ముదిరిందా, అక్కడే ఆగిందా అని చూస్తారు. ఆగితే ‘ఆరు నెలలాగి చూద్దాం’ అంటారు. మా దృష్టిలో ఈ క్లినిక్‌కి ఎక్కువ మార్కులు ఆ ఒక్క మాటకే. ఏసీ, టీవీ దాని తర్వాతే.

శుభ్రత విషయంలో వంక పెట్టేదేమీ లేదు. పనిముట్ల పౌచ్ మన కళ్లముందే చించుతారు. దాని అంచున చిన్న గుర్తు ఉంటుంది, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) ఆవిరి తగిలాక రంగు మారుతుంది. పౌచ్ తడిగా ఉన్నా, ఎక్కడైనా చిరిగినా మాత్రం రంగు మారి ప్రయోజనం లేదు. ఆవిరి 121 డిగ్రీల దగ్గరైతే కనీసం 15 నిమిషాలు, 134 దగ్గరైతే 3 నిమిషాలు ఉండాలి. స్పిరిట్‌తో తుడిచిన పనిముట్టు నోట్లో పెట్టబోతే కుర్చీ దిగి వచ్చేయండి, మొహమాటం వద్దు.

పిల్లల పళ్ల దగ్గర తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఆరేళ్లకు వచ్చే దవడ పన్ను విషయంలో. చివరి పాలపన్ను వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే, ఊడిపోతుందిలే అనుకుంటారు. అది ఇక ఊడే పన్ను కాదు. ఇక్కడైతే అది పూర్తిగా బయటికి రాగానే దాని గుంటల్లో పుచ్చు పట్టకుండా సీలెంట్ అనే పూత వేస్తారు. ముందు శుభ్రం చేసి, ఆసిడ్ జెల్ 15 నుంచి 30 సెకన్లు పెట్టి, కడిగి, గాలితో ఆరబెడతారు. అప్పుడు పన్ను సుద్దముక్కలా పాలిపోయి కనబడాలి. ఆ తర్వాత సీలెంట్ వేసి గట్టిపడేలా లైటు కొడతారు. మత్తు అక్కర్లేదు, నొప్పీ ఉండదు. కానీ ఆరబెట్టాక ఒక్క చుక్క ఉమ్మి తగిలినా సీలెంట్ సరిగా అంటదు, కొన్నాళ్లకే రాలిపోతుంది. అందుకే పిల్లాడు కుదురుగా లేని రోజు వాయిదా వేసి పంపించేస్తారు. ఊరికే తిప్పుతున్నారని విసుక్కునేవాళ్లున్నారు గానీ, తిప్పడమే మంచిది.

‘పాలపళ్లకి ఫిల్లింగ్ దండగ’ అనే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పాల దవడ పళ్లు 10, 12 ఏళ్ల దాకా పనిచెయ్యాలి. ముందే పీకిస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది, రావాల్సిన పన్నుకి చోటు లేక వంకరగా వస్తుంది. పీకక తప్పకపోతే స్పేస్ మెయింటెయినర్ అనే తీగ రింగు పెడతారు. అది వదులైతే లోపల తిండి ఇరుక్కుని, పట్టుకున్న పన్నునే పుచ్చబెడుతుంది, కాబట్టి కదిలిన వెంటనే చూపించాలి. ఇక పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ముందు పాడయ్యేవి పై ముందు పళ్లు. కింది వాటిని నాలుక, ఉమ్మి కాపాడతాయి. పై పెదవి ఎత్తి చిగురు అంచున తెల్ల గీత ఉందేమో చూడండి, పుచ్చు మొదలయ్యేది అక్కడే.

నల్లగొండ కాబట్టి ఫ్లోరైడ్ ముచ్చట తప్పదు. తాగేనీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు ఫరవాలేదని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. పాత బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు అందుకే. దాంతో ఇక్కడ చాలామంది ఫ్లోరైడ్ పేస్టు చూస్తేనే భయపడతారు. కానీ మచ్చ పడేది పన్ను ఇంకా దవడలో తయారవుతున్నప్పుడు, సుమారు 8 ఏళ్లలోపు, కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ వల్ల. బయటికొచ్చిన పన్ను మీద పూసి ఉమ్మేసేది మచ్చ తేదు, పుచ్చు ఆపుతుంది. మచ్చలున్న పన్ను పుచ్చదని కూడా ఏమీ లేదు. చెయ్యాల్సిందల్లా కొలత పాటించడం: మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, అదీ పెద్దవాళ్లే పెట్టాలి. బ్రష్షు పొడుగునా పేస్టు పరిచేది ప్రకటనల్లోనే. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) మించకూడదు. ఎంతుందో ట్యూబు మీద రాసుంటుంది, చదివి కొనండి.

ఈ మచ్చలకి బ్లీచింగ్ చెయ్యమని అడిగితే డాక్టరుగారు వద్దంటారు. చుట్టూ ఉన్న తెల్ల మచ్చలు ఇంకా తెల్లబడి కొట్టొచ్చినట్టు కనబడతాయని. పైపై మచ్చలైతే మైక్రోఅబ్రేషన్ (పై పొరని కాస్త అరగదియ్యడం), లోతైనవైతే కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్). ఒక చిక్కుంది: ఇలాంటి ఎనామెల్‌కి జిగురు గట్టిగా పట్టదు, ఆసిడ్ ఎక్కువసేపు పెట్టాలి. పళ్లకి క్లిప్పులు పెట్టించుకునేవాళ్లకి బ్రాకెట్లు ఊడడం మామూలే. మళ్లీ అతికించే ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో మొదటిరోజే మాట్లాడుకోండి.

రూట్ కెనాల్ (పాడైన నరం తీసి, పంటి వేరులోని కాలువల్ని శుభ్రం చేసి నింపడం) మీద కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు ఎక్కువ పోయేదీ గొడవలయ్యేదీ దీని దగ్గరే. ధర అడిగినప్పుడు ‘క్యాప్‌తో కలిపా, విడిగానా’ అని ముందు అడగండి. ఇక్కడ మత్తు ఇచ్చాక పన్ను చుట్టూ రబ్బరు షీటు బిగిస్తారు, రబ్బర్ డ్యామ్ అంటారు. దానివల్ల ఉమ్మి లోపలికి పోదు, కడిగే మందు గొంతులోకి జారదు. చాలా చోట్ల ఇది పెట్టరు. నోరు తెరిచి ఉంచడం ఇబ్బందిగా అనిపించినా పెట్టించుకోవడమే మేలు. కింది మొదటి దవడ పన్నుకి సాధారణంగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. పై దవడ పన్నులో నాలుగోది కంటికి ఆనదు, వెతక్కుండా వదిలేస్తే ఏళ్ల తర్వాత మళ్లీ వాపు వస్తుంది. అందుకే చివర్లో తీసిన ఎక్స్‌రే చూపించమనండి: తెల్లగా కనబడే గీత వేరు కొస దగ్గరి దాకా, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. కొసకి 2 మిల్లీమీటర్ల లోపు ఆగితే సరి, కొస దాటి బయటికి పోకూడదు.

ఆ తర్వాత చెడగొట్టుకునేది మనమే. నొప్పి తగ్గిందని క్యాప్ పెట్టించుకోకుండా తిరుగుతాం. తాత్కాలిక ఫిల్లింగ్ వారాల కోసం వేసేది, నెలల కోసం కాదు. అది అరిగి ఉమ్మి దిగితే లోపలి పనంతా వృథా. పైగా సగం గుల్లైన దవడ పన్ను చెగోడీ కొరికితే నిలువునా చీలుతుంది, చీలిక వేరు దాకా పోతే పీకడం తప్ప దారి లేదు. క్యాప్ పెట్టిన రోజు నీలం కాగితం పెట్టి కొరకమంటారు. క్యాప్ మీద ఒక్కచోటే ముద్దగా నీలం పడితే అది ఎత్తుగా ఉందన్నమాట, అరగదియ్యాలి. మత్తులో ఉన్నప్పుడు సరిగ్గా తెలియదు. మర్నాడు నమిలితే ఆ పన్నే ముందు తగులుతుంటే వెళ్లి చెప్పండి, రెండు నిమిషాల పని. ‘అలవాటైపోతుంది’ అంటే నమ్మొద్దు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయన్నది ఊరందరి నమ్మకం. గార పట్టుకుపోయి ఉన్నంతకాలం కదిలే పన్ను కూడా గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, అది రాలగానే అసలు సంగతి బయటపడుతుంది. ఎముకను తిన్నది గార కింది జబ్బు. చేయించాక కొన్నిరోజులు చల్లనివి జివ్వుమంటాయి. సందుల్లోకి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడమంటారు. ఆ సందుకి సరిపడే సైజు ఇక్కడే ఎక్కించి చూపిస్తారు, అది బాగుంది. షుగరున్నవాళ్లకి చిగుళ్లూ చక్కెరా రెండూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. పొద్దున టిఫిన్, మాత్ర వేసుకున్నాక రమ్మంటారు, పరగడుపున వద్దు. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు పీకించుకోవడానికి ముందు సొంతంగా ఆపకూడదు. ఎముకల గుల్లతనానికి సూదులు వేయించుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, పీకిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

పళ్ల సెట్టు విషయంలో వీళ్ల ఓపిక చెప్పుకోదగ్గది. కొత్త సెట్టు రాసుకుపోతే తీసి పక్కన పెట్టేసి నాలుగు రోజులకి వెళ్తాం కదా, అప్పటికి పుండు మానిపోయి ఎక్కడ అరగదియ్యాలో తెలియదు. వచ్చేముందు కొన్ని గంటలు పెట్టుకు రమ్మంటారు, ఎర్రబడిన చోటే చూసి సరిచేస్తారు. రాత్రి తీసి నీళ్లలో ఉంచాలి, వేడినీళ్లు పోస్తే వంకర పోతుంది. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, సబ్బు చాలు. కింద నీళ్లున్న గిన్నె పెట్టుకుని కడిగితే చేజారినా విరగదు.

వంకలూ ఉన్నాయి. సాయంత్రం ఆరు తర్వాత అపాయింట్‌మెంట్ టైముకి విలువ లేదు, పిల్లలతో వెళ్తే పొద్దున్నే నయం. ఎక్స్‌రేలు అడిగితేనే వాట్సాప్‌లో పంపుతారు, అడిగి తీసుకోండి. ఆదివారం ఫోను ఎత్తరు. పిల్లాడు పడి ముందు పన్ను వేరుతో సహా ఊడొస్తే సోమవారం దాకా ఆగలేం: పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు. శాశ్వత పన్నైతే పైభాగం పట్టుకుని, వేరు రుద్దకుండా, మట్టి ఉంటే నీళ్లతో కొద్దిసేపు కడిగి, చల్లని పాలలో వేసి అరగంటలో తెరిచి ఉన్న ఏదో ఒక డెంటిస్టు దగ్గరికి పరుగెత్తాలి. క్లిప్పుల డాక్టరు, అడ్డంగా ఉన్న జ్ఞానదంతం తీసే సర్జన్ బయటినుంచి వస్తారు. వాళ్లు ఏ రోజు వస్తారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్తే ఒక తిరుగుడు తప్పుతుంది.